మీకు తెలుసా? రెండు ల్యాపులకే ఆగిపోయిన ఛాంపియన్

1976 అక్టోబర్ 24. జపాన్‌లోని ఫుజి స్పీడ్‌వే. ఆ ఏడాది ఫార్ములా వన్‌లో 16వ రేసు, ఆఖరి రేసు కూడా అదే. ఫెరారీ డ్రైవర్, ఆస్ట్రియాకు చెందిన నికీ లౌడాకు అప్పటికి 68 పాయింట్లు. మెక్‌లారెన్ డ్రైవర్, ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ హంట్‌కు 65. ఆ సాయంత్రం ప్రపంచ టైటిల్ ఒకే ఒక్క పాయింటు తేడాతో హంట్ చేతికి వెళ్లింది. 2013లో వచ్చిన ‘రష్’ సినిమా చూసినవాళ్లకు ఈ కథ కొంత తెలిసే ఉంటుంది. అయితే ఆ ఒక్క పాయింటు వెనక ఉన్న కొలతలు, తీర్పులు, టైర్లు, వాటన్నిటికన్నా ముఖ్యంగా లౌడా తీసుకున్న నిర్ణయం సినిమాలో పట్టేంత చిన్న విషయాలు కావు.

ఆ రేసు పేరు జపాన్ గ్రాండ్ ప్రి కాదు

అందరం అలాగే అంటాం. నిర్వాహకులు అధికారికంగా పెట్టిన పేరు మాత్రం ‘జపాన్‌లో ఎఫ్-1 ప్రపంచ ఛాంపియన్‌షిప్’. ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కలోకి వచ్చే ఫార్ములా వన్ రేసు ఆ దేశంలో జరగడం అదే తొలిసారి. ట్రాక్ పొడవు 4.359 కిలోమీటర్లు. 73 ల్యాపులు తిరగాలి.

35 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది

అప్పట్లో గెలిచినవాడికి 9 పాయింట్లు. తర్వాతి ఐదుగురికి 6, 4, 3, 2, 1. ఏడో స్థానానికి ఏమీ రాదు. ఇప్పుడు గెలిస్తే 25 ఇస్తున్నారు కాబట్టి, ఆనాటి ఒక్క పాయింటు ఎంత బరువైనదో గుర్తుంచుకుని ఈ లెక్క చదవాలి.

ఇవాళ రికార్డు పుస్తకం తెరిచి చూస్తే, తొమ్మిది రేసులు పూర్తయ్యేసరికి లౌడా 61, హంట్ 26. అంటే 35 పాయింట్ల తేడా. అంతకుముందు ఏడాది, 1975లో ఛాంపియన్ కూడా లౌడానే. వరసగా రెండోసారీ అతనిదేనని అంతా అనుకున్నారు. మిగిలిన ఏడు రేసుల్లో హంట్ నాలుగు గెలిచి 43 పాయింట్లు కూడబెట్టాడు. అదే ఏడు రేసుల్లో లౌడాకు వచ్చినవి మొత్తం 7. ఎందుకన్నది కాసేపట్లో చెప్పుకుందాం.

రెండు తీర్పులు, రెండూ 12 పాయింట్లే

మే 2న స్పెయిన్‌లోని హరామా ట్రాక్ మీద హంట్ గెలిచాడు. రేసు అయ్యాక అధికారులు కారు కొలిచారు. కార్ల వెడల్పు మీద కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది సరిగ్గా ముందురోజే. మెక్‌లారెన్ 1.8 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు తేలింది. గెలుపు రద్దు. రెండో స్థానంలో వచ్చిన లౌడా విజేత అయ్యాడు. పక్కటెముకలు విరిగి ఉండగానే ఆ రేసు నడిపాడు లౌడా. అంతకు కొద్ది రోజుల ముందు ఇంటి దగ్గర ట్రాక్టర్ తిరగబడి దెబ్బలు తగిలాయి. మెక్‌లారెన్ అప్పీలుకు వెళ్లింది. ఆ కాస్త వెడల్పు వల్ల కారుకు వేగమేమీ పెరగలేదని వాదించింది. జూలైలో హంట్ గెలుపు తిరిగి హంట్‌కే వచ్చింది. జట్టు 3,000 డాలర్ల జరిమానాతో బయటపడింది.

జూలై 18న బ్రిటన్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో కథ తిరగబడింది. మొదటి మలుపులోనే రెండు ఫెరారీలు ఒకదానికొకటి తగిలాయి. వెనకే వస్తున్న హంట్ ఆ గొడవలో ఇరుక్కున్నాడు. రేసు ఆపేశారు. దెబ్బతిన్న కారును హంట్ పక్కదారిలో పిట్స్‌కి చేర్చాడు. నిబంధన ప్రకారం అతను మళ్లీ మొదలుపెట్టడానికి వీల్లేదని మాట రాగానే, సొంత దేశపు జనం స్టాండ్లలోంచి హంట్ పేరు పట్టి అరవడం మొదలుపెట్టారు. ఆ వాదన సాగుతున్నంతలో మెకానిక్కులు కారు బాగుచేసేశారు. హంట్ రేసులో దిగాడు, గెలిచాడు కూడా. ఫెరారీ ఫిర్యాదు చేసింది. రెండు నెలల తర్వాత, సెప్టెంబర్ 24న ప్యారిస్‌లో తీర్పు వచ్చింది. హంట్ అనర్హుడు, లౌడా విజేత.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. స్పెయిన్ తీర్పుతో హంట్‌కు 9 కలిశాయి, లౌడాకు 3 తగ్గాయి. బ్రిటన్ తీర్పుతో హంట్‌కు 9 పోయాయి, లౌడాకు 3 కలిశాయి. అటు 12, ఇటు 12. కోర్టు గదుల్లో టైటిల్ తారుమారైందని రెండు పక్షాల అభిమానులూ ఇప్పటికీ వాదిస్తుంటారు. నిజానికి ఆ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకున్నాయి. ఆ టైటిల్ తేలింది ట్రాక్ మీదే.

వద్దన్నవాడు పిరికివాడు కాడు

జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ పాత ట్రాక్ చుట్టుకొలత దాదాపు 22.8 కిలోమీటర్లు. కొండలు, అడవి, మలుపు వెనక మలుపు. ఆ ట్రాక్‌ను ఏడు నిమిషాల లోపు చుట్టివచ్చిన మొదటి మనిషి ఎవరో తెలుసా? నికీ లౌడా. 1975లో అర్హత పోటీల్లో 6 నిమిషాల 58.6 సెకన్లలో పూర్తి చేశాడు. ఏడాది తిరిగేసరికి, ఈ ట్రాక్ మీద రేసు పెట్టొద్దని తోటి డ్రైవర్లను బతిమాలినవాడూ అతనే. ఇంత పొడవైన దారిలో ఎక్కడైనా ప్రమాదం జరిగితే సహాయం చేరేలోపు మనిషి మిగలడన్నది అతని వాదన. ఓటింగులో ఆ మాట నెగ్గలేదు. ఆ ట్రాక్ మీద అందరికన్నా వేగంగా వెళ్లగలిగినవాడే దాని ప్రమాదం గురించి హెచ్చరించాడు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే, తర్వాత ఫుజిలో అతను చేసిన పని సరిగ్గా అర్థమవుతుంది.

1976 ఆగస్టు 1. కొంత తడి, కొంత పొడి. వాన టైర్లతో బయల్దేరిన లౌడా మొదటి ల్యాపు కాగానే పిట్‌లోకి వచ్చి పొడి టైర్లు వేయించుకున్నాడు. రెండో ల్యాపులో, బెర్గ్‌వెర్క్ అనే మలుపు దగ్గరికి వస్తుండగా ఫెరారీ అదుపు తప్పింది. గట్టును గుద్దుకుని, మంటలు అంటుకుని, తిరిగి ట్రాక్ మధ్యలోకి వచ్చి పడింది. వెనక వస్తున్న బ్రెట్ లంగర్ కారు దాన్ని ఢీకొట్టింది. లౌడా తలమీద హెల్మెట్ లేదు, ఊడిపోయింది. లోపల మనిషి కదలలేకుండా ఇరుక్కుపోయాడు.

అతన్ని బయటికి లాగింది తోటి డ్రైవర్లు. లంగర్, గై ఎడ్వర్డ్స్, హరాల్డ్ ఎర్టిల్, ఆర్టూరో మెర్జారియో. నలుగురూ తమ కార్లు వదిలేసి మంటల దగ్గరికి పరిగెత్తారు. మెర్జారియో ఆ మంటల్లో చేతులు పెట్టి సీటు బెల్టు విప్పాడు. ఆ బెల్టు విప్పకపోతే మిగతా ముగ్గురి బలమూ పనికొచ్చేది కాదు. ఫుజిలో గెలిచినవాళ్ల పేర్లు చాలామందికి గుర్తుంటాయి. ఈ నలుగురి పేర్లూ అంతకన్నా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ముఖం, తల, చేతులు కాలాయి. కుడి చెవిలో చాలా భాగం పోయింది. కాలిన గాయాలకన్నా ప్రాణం మీదికి తెచ్చింది లోపలికి పీల్చిన విషవాయువులు, ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో మత గురువు వచ్చి, చనిపోయేవారికి చేసే ప్రార్థన కూడా చేసి వెళ్లాడు. ఆ రేసును మళ్లీ మొదలుపెడితే, హంట్ గెలిచాడు. న్యూజిలాండ్ డ్రైవర్ క్రిస్ ఆమన్ మాత్రం ఇంక కారెక్కనన్నాడు. నూర్బర్గ్‌రింగ్ పాత పొడవాటి ట్రాక్ మీద ఫార్ములా వన్ రేసు మళ్లీ ఎన్నడూ జరగలేదు.

ఆరు వారాలు

సెప్టెంబర్ 12న ఇటలీలోని మోంజాలో లౌడా మళ్లీ కారెక్కాడు. ప్రమాదం జరిగిన 42వ రోజు. పుండ్లు పూర్తిగా మానలేదు. హెల్మెట్ కింద వేసుకున్న బట్ట రేసు అయ్యేసరికి నెత్తురుతో తడిసి చర్మానికి అంటుకుపోయింది. స్థానం నాలుగు. పాయింట్లు మూడు. మొదటి రోజు ట్రాక్ మీదికి వెళ్లినప్పుడు భయంతో కారు నడపలేకపోయానని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ భయాన్ని దాచకుండా చెప్పడం, మర్నాడు మళ్లీ వెళ్లి నడపడం, ఈ రెండూ ఒకే మనిషివి.

మధ్యలో అతను రాలేకపోయినవి రెండే రేసులు: ఆస్ట్రియా, నెదర్లాండ్స్. మోంజాలో హంట్‌కు కలిసి రాలేదు. పెట్రోలులో ఆక్టేన్ ఎక్కువైందని మెక్‌లారెన్ అర్హత సమయాలను అధికారులు కొట్టేశారు. దాంతో వరసలో వెనకనుంచి బయల్దేరిన హంట్, ఇసుకలోకి దూసుకెళ్లి ఆగిపోయాడు. ఆ తర్వాత కెనడా, అమెరికా రేసులు వరసగా గెలిచాడు. లౌడాకు కెనడాలో ఏమీ రాలేదు, అమెరికాలో మూడో స్థానం. అలా తేడా మూడు పాయింట్లకు దిగింది. అందరూ ఫుజికి వచ్చారు.

ఫుజి: లౌడా ఆగిన చోటు

అర్హత పోటీల్లో లోటస్ డ్రైవర్ మారియో ఆండ్రెట్టి మొదటి స్థానం సంపాదించాడు. పక్కనే హంట్. వాళ్ల వెనక లౌడా. ఆదివారం తెల్లారేసరికి కుండపోత. దానికి తోడు పొగమంచు. ట్రాక్ మీద నీళ్లు వాగుల్లా పారాయి. డ్రైవర్లు పదేపదే సమావేశమయ్యారు. నడపడం ప్రమాదకరమన్నవాళ్లలో హంట్ కూడా ఉన్నాడు. ఇది చాలామందికి తెలియదు. రేసు వద్దన్న విషయంలో ఆ ఇద్దరు ప్రత్యర్థులూ ఒకే మాట మీద ఉన్నారు. గంటన్నరకు పైగా ఆలస్యమయ్యాక, చీకటి పడకముందే ముగించాలన్న తొందరలో నిర్వాహకులు రేసు మొదలుపెట్టారు.

వానలో ఫార్ములా వన్ కారు వెనక ఏం కనిపిస్తుందో తెలుసా? ఏమీ కనిపించదు. వాన టైరుకు లోతైన గాడులు ఉంటాయి. రోడ్డు మీది నీటిని అవి పట్టి వెనక్కి విసురుతాయి. ఇప్పటి టైర్ల సంగతే చూస్తే, గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ఒక్కో టైరు సెకనుకు 85 లీటర్ల దాకా నీటిని తోడేస్తుందని తయారీదారు చెబుతాడు. ఆ నీరంతా వెనకవాడి ముఖం ముందు తెల్లటి గోడగా లేస్తుంది. ముందున్న హంట్‌కు దారి కనిపించింది, ఎందుకంటే అతని ముందు ఎవరూ లేరు. బయల్దేరగానే ఆండ్రెట్టిని దాటి మొదటికి వెళ్లిపోయాడు. వెనకున్న ఇరవై మందికీ పైగా డ్రైవర్లు గుడ్డిగానే నడిపారు.

అందరికన్నా లౌడా స్థితి వేరు. కాలిన రెప్పలకు శస్త్రచికిత్స జరిగి ఎన్నో రోజులు కాలేదు. రెప్పలు మామూలుగా పడవు, కన్నీటి నాళాలు దెబ్బతిన్నాయి. కన్ను తడిస్తే రెప్పతో తుడుచుకునే వీల్లేదు. ఈ కళ్లతో ఆ నీటి గోడలోకి వెళ్లాలి.

రెండు ల్యాపులు నడిపాడు. మెల్లగా పిట్ లేన్‌లోకి తిప్పాడు. ఆగాడు. దిగాడు. కారు బాగానే ఉంది. ఫెరారీ చీఫ్ ఇంజినీరు మౌరో ఫోర్గియెరి దగ్గరికి వచ్చి, ఇంజిన్ పాడైందని చెబుదామన్నాడు. ఆ మాట మంచి మనసుతో అన్నదే. ఛాంపియన్‌గా ఉన్న డ్రైవర్ భయపడి ఆగాడన్న మాట రాకుండా కాపాడాలన్న తాపత్రయం. లౌడా ఒప్పుకోలేదు. ఈ వానలో నడపడం పిచ్చితనం కాబట్టి ఆగానని, ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

ఈ రేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ ఘట్టమే. టైటిల్ పోటీలో మూడు పాయింట్ల ఆధిక్యం చేతిలో ఉంది. ప్రపంచం చూస్తోంది. ఒక చిన్న అబద్ధం ఆడితే చాలు, ఎవరూ వేలెత్తి చూపరు, ఇంజినీరే ఆ అబద్ధాన్ని చేతికందించాడు. దాన్ని వద్దనుకుని, తన నిర్ణయానికి తనే పూచీ పడ్డాడు. తర్వాత ఇటలీ పత్రికలు అతన్ని ఏకిపారేశాయి. ఫెరారీ యజమానితో సంబంధం కూడా మునుపటిలా లేకుండా పోయింది. అయినా ఆ మాట అతను ఎప్పుడూ మార్చలేదు.

కాసేపటికి వాన తగ్గింది కదా, ఇంకాస్త ఓపిక పడితే టైటిల్ అతనిదే అయ్యేది కదా అంటారు కొందరు. ఆ మాట రేసు ఫలితం తెలిశాక అనడం తేలిక. రెండో ల్యాపులో ఉన్నవాడికి వాన ఎప్పుడు తగ్గుతుందో తెలియదు, ముందు కారు ఎక్కడుందో కనిపించదు, పన్నెండు వారాల కిందట జరిగినది మాత్రం ఒంటి మీద ఇంకా పచ్చిగానే ఉంది.

ఆగిపోయింది లౌడా ఒక్కడే కాదు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన బ్రెజిల్ డ్రైవర్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి, అదే దేశానికి చెందిన కార్లోస్ పాసె, ఆస్ట్రేలియన్ లారీ పెర్కిన్స్ కూడా అదే కారణంతో కార్లు ఆపేశారు. ఫిట్టిపాల్డిని ఎవరూ పిరికివాడనలేదు. అతనికి పోయే టైటిల్ ఏదీ లేదు కాబట్టి.

ఇప్పుడైతే ఇంత వానలో ఆ నిర్ణయం డ్రైవర్ మీద పెట్టరు. ముందు నెమ్మదిగా నడిచే సేఫ్టీ కారును ఫార్ములా వన్ నిబంధనల్లో చేర్చింది 1993లో. 2021 బెల్జియం రేసులో వాన తగ్గక, కార్లన్నీ సేఫ్టీ కారు వెనకే కొన్ని ల్యాపులు తిరిగి, సగం పాయింట్లతో ఇంటికి వెళ్లాయి.

టైరు అరిగిపోతున్నా పిలుపు రాలేదు

ఇక హంట్ సంగతి. లౌడా ఆగిపోయాడు కాబట్టి టైటిల్ ఇక నల్లేరు మీద నడకే అనిపించింది. చాలాసేపు అలాగే సాగింది కూడా. ఇంతలో వాన ఆగింది, ట్రాక్ ఆరడం మొదలైంది. అసలు ప్రమాదం అప్పుడే వచ్చింది.

వాన టైరు రబ్బరు మెత్తన. చల్లటి నీళ్లు తగులుతున్నంతసేపే అది నిలుస్తుంది. పొడి రోడ్డు తగిలితే వేడెక్కి, బడిపిల్లల ఎరేజరు గరుకు కాగితం మీద రాలినట్టు పొడిపొడిగా రాలిపోతుంది. అనుభవం ఉన్న ఆండ్రెట్టి తొందరపడలేదు. ట్రాక్ మీద ఎక్కడ తడి మిగిలి ఉందో వెతుక్కుని, అక్కడి నుంచే కారు పోనిచ్చి టైర్లు చల్లబరుచుకున్నాడు. హంట్ ఆ పని తగినంతగా చేయలేదు. ఒక్కొక్క ల్యాపుకీ వేగం తగ్గింది. టిరెల్ డ్రైవర్ డెపయే దాటాడు. ఆండ్రెట్టి దాటాడు. కాసేపటికి డెపయే టైరులోనే గాలి దిగిపోయి, అతను పిట్‌కు వెళ్లాల్సొచ్చింది.

అప్పట్లో డ్రైవర్ చెవిలో రేడియో లేదు. గోడ పక్కన నిలబడి చూపించే బోర్డే సమాచారం. టైర్లు మార్చుకోవడానికి ఎప్పుడు రావాలో జట్టే చెబుతుందని హంట్ ఎదురుచూశాడు. టైరు ఎంత అరిగిందో కారులో ఉన్నవాడికే తెలుస్తుందని జట్టు ఆ నిర్ణయాన్ని అతనికే వదిలేసింది. ఇద్దరూ ఎదుటివాళ్లు చెబుతారనుకుంటుండగా, ఐదారు ల్యాపులు మిగిలి ఉన్నాయనగా టైరులో గాలి పూర్తిగా పోయింది. హంట్ పిట్‌లోకి పరిగెత్తించాడు. కొత్త టైర్లతో బయటికి వచ్చేసరికి ముందు నలుగురున్నారు: ఆండ్రెట్టి, విలక్షణమైన డ్రైవింగ్‌తో పైకొచ్చిన అలన్ జోన్స్, ఫెరారీలో క్లే రెగజోని, మళ్లీ వేగం అందుకుంటున్న డెపయే. హంట్ ఐదో స్థానంలో ఉన్నాడు.

ఆ చివరి కొన్ని నిమిషాల్లో అతను నడిపిన తీరు మాత్రం మెచ్చుకు తీరాలి. డెపయే ముందున్న ఇద్దరినీ దాటి రెండో స్థానానికి వెళ్లాడు. అతని వెనకే హంట్ రెగజోనిని, జోన్స్‌ను దాటేశాడు. మూడో స్థానం. ఆండ్రెట్టి ఒక ల్యాపు ఆధిక్యంతో గెలిచాడు. 73 ల్యాపులూ పూర్తి చేసినవాడు అతనొక్కడే.

హంట్‌కు తను మూడో స్థానంలో వచ్చానని తెలియదు. టైటిల్ పోయిందనుకున్నాడు. కారు దిగుతూనే జట్టు అధిపతి టెడీ మేయర్ మీద విరుచుకుపడ్డాడు. మేయర్ మూడు వేళ్లు చూపిస్తున్నాడు. హంట్ నమ్మలేదు. చుట్టూ చేరిన వాళ్లంతా నువ్వే ఛాంపియన్‌వని అంటున్నా, ఫలితం అధికారికంగా తేలేదాకా సంబరపడనని మొండికేశాడు. అతని అనుమానాన్ని తప్పుపట్టలేం. ఆ ఏడాదే ఒక గెలుపు పోయి తిరిగొచ్చింది, ఇంకో గెలుపు వచ్చి తిరిగిపోయింది. హంట్ 69, లౌడా 68. ఆ సమయానికి లౌడా విమానాశ్రయం దారి పట్టాడు. టైటిల్ పోయిన కబురు అతనికి అక్కడే అందింది.

నిజానికి నాలుగో స్థానం చాలు

హంట్‌కు మూడో స్థానం తప్పనిసరి అని ఎక్కడ చూసినా రాస్తారు. లౌడా ఖాతా 68 దగ్గర ఆగిపోయింది. హంట్ నాలుగో స్థానంలో వచ్చి ఉంటే 65కు 3 కలిసి అతనికీ 68. పాయింట్లు సమానమైతే ఎక్కువ రేసులు గెలిచినవాడికే టైటిల్. ఆ ఏడాది హంట్ గెలుపులు ఆరు: స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, కెనడా, అమెరికా. లౌడావి ఐదు, ప్యారిస్ తీర్పు ఇచ్చిన బ్రిటన్‌తో కలిపి. కాబట్టి జోన్స్‌ను దాటకపోయినా హంట్ ఛాంపియనే.

ఆరు చక్రాల కారుకు రెండో స్థానం

డెపయే నడిపిన టిరెల్ పి-34కు ముందు నాలుగు చిన్న చక్రాలు, వెనక రెండు పెద్దవి. ముందు చక్రాలు చిన్నవైతే గాలి అడ్డు తగ్గుతుందన్నది డిజైనర్ డెరెక్ గార్డ్‌నర్ ఆలోచన. ఆ ఏడాది జూన్‌లో స్వీడన్ రేసులో ఈ కార్లే మొదటి రెండు స్థానాలూ తీసుకున్నాయి. ఫార్ములా వన్‌లో ఆరు చక్రాల కారు గెలిచిన రేసు అదొక్కటే. ఇప్పటి నిబంధనల ప్రకారం కారుకు నాలుగు చక్రాలే ఉండాలి.

అత్యంత వేగవంతమైన ల్యాపు ఎవరిది?

రేసు ముగియగానే ఆ ఘనత మసాహిరో హసెమిదని ప్రకటించారు. జపాన్ డ్రైవర్, కొజిమా అనే జపాన్ కారు, సొంత గడ్డ మీద తొలి రేసు. జనం ఎంత ఆనందపడి ఉంటారో ఊహించుకోవచ్చు. అయితే కాలం కొలవడంలో పొరపాటు జరిగింది. తర్వాత సరిదిద్ది, ఆ రికార్డును ఫ్రాన్స్ డ్రైవర్ జాక్ లఫీట్‌కు ఇచ్చారు. హసెమి ముగించింది 11వ స్థానంలో. ఇంకో జపాన్ డ్రైవర్ కజుయోషి హోషినో పాత టిరెల్ కారుతో వానలో మూడో స్థానం దాకా ఎగబాకాడు. పాపం, మార్చుకోవడానికి టైర్లు లేక ఆగిపోయాడు.

డ్రైవర్ టైటిల్ పోయినా జట్ల టైటిల్ ఫెరారీదే. 83 పాయింట్లు, మెక్‌లారెన్‌కు 74.

తర్వాత

టైటిల్‌కు తను అర్హుడినే అయినా లౌడా కూడా అంతే అర్హుడని, ఇద్దరికీ కలిపి ఇచ్చే వీలుంటే బాగుండేదని హంట్ అన్నాడు. ఇద్దరూ కింది స్థాయి రేసుల రోజుల నుంచీ స్నేహితులే. సినిమా వాళ్ల మధ్య పెట్టిన పగ నిజానికి లేదు. హంట్‌కు అదే ఏకైక టైటిల్. 1979లో రేసులు మానేసి, బీబీసీలో మర్రీ వాకర్ పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పాడు. 1993లో 45 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు.

లౌడా 1977లో మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఏడాది జర్మన్ గ్రాండ్ ప్రి హాకెన్‌హైమ్‌లో జూలై 31న జరిగింది. మంటల్లో పడి ఏడాది కావడానికి ఒక్క రోజు తక్కువ. గెలిచింది లౌడా. టైటిల్ ఖాయం కాగానే సీజన్ ముగియకముందే ఫెరారీని వదిలేశాడు కాబట్టి, ఆ అక్టోబర్‌లో ఫుజికి రాలేదు. అతని సీటులో వచ్చిన కుర్రాడు జిల్ విల్నెవ్. ఆ రేసులో విల్నెవ్ కారు ఒక ఆరు చక్రాల టిరెల్‌ను గుద్ది గాల్లోకి లేచి, ఉండకూడని చోట నిలబడ్డ జనం మీద పడింది. ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత పదేళ్ల పాటు జపాన్‌లో ఫార్ములా వన్ లేదు. 1987లో తిరిగి వచ్చినప్పుడు సుజుకా ట్రాక్‌కు వెళ్లింది. ఫుజికి మళ్లీ అవకాశం 2007లోనే దక్కింది. ఆ రోజూ కుండపోతే. ఈసారి మాత్రం రేసును సేఫ్టీ కారు వెనకే మొదలుపెట్టి, పంతొమ్మిది ల్యాపుల పాటు అలాగే నడిపించారు.

లౌడా మూడో టైటిల్ 1984లో. ఈసారి అతనే మెక్‌లారెన్ డ్రైవర్, పోటీ తోటి డ్రైవర్ అలెన్ ప్రోస్ట్‌తో. లౌడా 72, ప్రోస్ట్ 71.5. ఫార్ములా వన్ చరిత్రలో ఇంత తక్కువ తేడాతో టైటిల్ తేలడం అదొక్కసారే. ఆ అర పాయింటు ఎక్కడిదంటే, ఆ ఏడాది మొనాకోలో వాన ఎక్కువై రేసును 31 ల్యాపులకే ఆపేశారు. గెలిచిన ప్రోస్ట్‌కు 9కి బదులు సగం, అంటే 4.5 ఇచ్చారు. రేసు పూర్తిగా సాగి ప్రోస్ట్ రెండో స్థానంలో వచ్చి ఉన్నా 6 పాయింట్లు వచ్చేవి, మొత్తం 73తో టైటిల్ అతనిదయ్యేది.